నేను చూసుకుంటాను మేడమ్

జూన్ 20

కోర్సు వాళ్ళు ఇచ్చిన డైరీ వేరే ఉంది. అందులో ప్రతి పేజీని మూడు గడులుగా చేసి ఏం చేశాను, ఏం మారింది, ఎందుకు మారింది అని అచ్చు వేశారు. నెలకోసారి గైడుగారు దాన్ని చూస్తారు. ఇది మాత్రం ఎవరూ చూడరు. ఇందులో గడులు లేవు, అక్షరాలు వంకర పోయినా అడిగేవాళ్ళు లేరు.

సర్వీసులో ఉన్న టీచర్లందరం ఈ ఏడాది క్రియాత్మక పరిశోధన చేసి తీరాలట. మన క్లాసులో మనల్ని సతాయించే సమస్య ఒకటి తీసుకోవాలి. దానికి మనమే ఉపాయం ఆలోచించాలి, అమలు చేయాలి, ఫలితం గమనించాలి, లోపం కనబడితే మార్చి మళ్ళీ చేయాలి. మన పని మీద మనమే పరిశోధన. పక్కన కూర్చున్న మా సైన్సు మాస్టారు, "రోగీ మనమే, డాక్టరూ మనమే అన్నమాట. ప్రాణం మీదికొస్తే ఎవర్ని పట్టుకోవాలో కూడా చెబితే బాగుండేది" అన్నాడు. గైడుగారు కూడా నవ్వారు.

నా సమస్య కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో సగం మంది లెక్కల హోంవర్కు చేయరు. ఏం, చేయలేదా అంటే నేల చూపులు చూస్తారు. కొట్టడం నా వల్ల కాదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క పిల్ల మీద చెయ్యెత్తలేదని స్టాఫ్ రూమ్‌లో నాకు పేరుంది. కొందరు మెచ్చుకోలుగా అంటారు, కొందరు ఎగతాళిగా అంటారు.

ఉపాయం దొరికింది. హోంవర్కు చేయని పిల్లల ఇళ్ళకి ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను. అరుపులూ ఫిర్యాదులూ ఉండవు. "మీ అమ్మాయి ఇవాళ లెక్కలు చేయలేదండీ, కాస్త చూడండి" అంటాను, అంతే. గైడుగారు విని, తల్లిదండ్రుల భాగస్వామ్యం అని దానికి పేరు పెట్టారు.

జూన్ 26

మొదటి రోజు. చెవి వేడెక్కిపోయింది. కొందరు ఎత్తలేదు. ఒకావిడ "మాకు చెబుతారేంటండీ, చదువు చెప్పేది మీరు కదా" అని పెట్టేసింది. అందరిలోకీ మర్యాదగా మాట్లాడింది వాగుడుకాయ వాళ్ళ నాన్న. టైలరు. స్కూలు వెనక సందులోనే షాపు.

వాగుడుకాయ అని పేరు పెట్టింది క్లాసువాళ్ళే. ఆ పిల్లకీ ఆ పేరంటే గర్వమే. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, ముందు బెంచీలో గుసగుస మొదలు. త్రిభుజానికి మూడు కోణాలే ఎందుకు మేడమ్, నాలుగోది ఎవరు పీకేశారు అని అడిగే రకం. చెప్పింది సగం వినదు, విన్న సగానికి పది ప్రశ్నలు వేస్తుంది.

టైలరు అంతా విని, "మీరు ఇంత శ్రమ తీసుకుని చెప్పారు, అదే పదివేలు. ఇకమీదట మీరు ఒక్క ఫోన్ కొట్టండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను మేడమ్" అన్నాడు.

ఇలాంటి తండ్రులు క్లాసుకి పది మంది ఉంటే టీచరు ఉద్యోగమంత హాయి ఇంకోటి లేదు.

జూన్ 27

వాగుడుకాయ హోంవర్కు తెచ్చింది. మొత్తం చేసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

జూలై 8

నా కళ్ళని నేనే నమ్మలేకపోతున్నాను. సగం మంది ఎగ్గొట్టే క్లాసులో ఇవాళ చేయనివాళ్ళు ఆరుగురు. క్లాసు కూడా గమ్మున ఉంటోంది. ముందు బెంచీలో గుసగుస లేదు. పొడుగోడు అని ఒకడున్నాడు, క్లాసులో అందరికంటే తలంత ఎత్తు ఎక్కువ, తెలివికి లోటు లేదు గానీ బద్ధకం. వాడు వెనక గోడ దగ్గర నిలబడి పాఠం విన్నాడు. కూర్చోరా అంటే, "నిలబడితే నిద్ర రాదు మేడమ్" అన్నాడు. వాడిలో ఇంత శ్రద్ధ నేను ఎన్నడూ చూడలేదు.

కోర్సు డైరీలో ఏం చేశాను రాశాను. ఏం మారింది రాశాను. ఎందుకు మారింది అన్నది రేపు తీరిగ్గా రాయాలి.

జూలై 13

నేనూ అక్కా ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి నా పరిశోధన గోల మొదట వినాల్సింది అక్కే. ఆస్పత్రిలో క్యాజువాలిటీ నర్సు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అంది:

"మీ స్కూలు యూనిఫారాలు ఈ మధ్య మాకు బాగా తగులుతున్నాయే. ఒకడికి మణికట్టు, ఒకడికి పెదవి, ఇవాళ ఒక పిల్లకి వేలు. అడిగితే అందరిదీ ఒకటే పాట. మెట్ల మీంచి పడ్డారట."

"మా మెట్లు అరిగి నున్నగా అయిపోయాయి. హెడ్మాస్టారికి చెప్పాలి."

"చీకటి పడ్డాక మీ మెట్లు ఎందుకెక్కుతున్నారే వాళ్ళు?"

పేపర్లు దిద్దాలని చెప్పి లోపలికి వచ్చేశాను. దిద్దాల్సిన పేపర్లు నిజంగానే ఉన్నాయి.

జూలై 14

మెట్లకి పక్కన కడ్డీ వేయించాలని హెడ్మాస్టారికి అర్జీ ఇచ్చాను.

జూలై 22

ఇంటర్వెల్‌లో వాగుడుకాయ వాళ్ళమ్మ వచ్చింది. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మేడమ్, ఇంటికి ఫోన్ చేయకండి."

"ఏమ్మా, ఏమైంది?"

"ఆయనకి చేయకండి. చెప్పాల్సిందేదన్నా ఉంటే నాకు చెప్పండి. పక్కింటావిడ ఫోన్ నంబరు ఇస్తాను. నేనే పక్కన కూర్చుని రాయిస్తాను."

"మీకు లెక్కలు వస్తాయా?"

రావని తల ఊపింది. నేను మెల్లగా నచ్చజెప్పాను. నాన్నకి భయపడితేనేం, పిల్ల బాగుపడుతోంది కదా, ఆయన ఇంత శ్రద్ధ తీసుకుంటుంటే మీరు అడ్డుపడితే ఎలా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"బాగుపడుతోందా మేడమ్" అని అడిగింది. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. మెడ దగ్గర బట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

గారాబం చేసి పిల్లల్ని చెడగొట్టేది తల్లులే.

ఆవిడ మెడ మీద నల్లగా ఏదో ఉంది. పుట్టుమచ్చ అయ్యుంటుంది.

జూలై 30

స్కూలు నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

ఫోన్లు తగ్గిద్దామని వారం కిందట వరుసకొక లీడర్ని పెట్టాను. ఎవరు హోంవర్కు చేయలేదో లీడరు ముందే చూసి నాకు చెప్పాలి. రెండో వరుసకి కళ్ళజోడు పిల్లాడు లీడరు. అబద్ధం ఆడడం తెలియని పిల్లాడు. పొద్దున పొడుగోడి పేరు చెప్పాడు.

భోజనం బెల్లు కొట్టాక కుళాయిల దగ్గర్నించి చప్పుడు వినబడి వెళ్ళాను. పొడుగోడు కళ్ళజోడు పిల్లాడి మెడ వెనక పట్టుకుని మూతిని ఇత్తడి కుళాయికేసి కొడుతున్నాడు. కోపంగా ఉన్నవాడి మొహం కాదు అది. మేకు దిగకపోతే మళ్ళీ మళ్ళీ కొడతారే, అలా కొడుతున్నాడు. కళ్ళజోడు తొట్టిలో పడింది. నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. ముందు పళ్ళు రెండు విరిగాయి, ఒకటి పెదవిలోంచి బయటికొచ్చింది.

చుట్టూ పిల్లలు నీళ్ళసీసాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. ఒక్కరూ అరవలేదు. వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు.

నేనూ సైన్సు మాస్టారూ కలిసి విడదీశాం. పొడుగోడు నా వైపు తిరిగి, "చెప్పొద్దన్నాను మేడమ్. చెప్పొద్దని వాడి కాళ్ళు పట్టుకున్నాను" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. కొట్టినవాడు ఏడ్చాడు, దెబ్బలు తిన్నవాడు ఏడవలేదు.

పొడుగోణ్ణి పెంచేది వాళ్ళ బాబాయి. గోడౌన్‌లో సెక్యూరిటీ గార్డు. ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పకపోతే ఎలా. ఆయనా అదే అన్నాడు, నేను చూసుకుంటాను మేడమ్ అని. అందరూ ఒకే పాఠం బట్టీ పట్టినట్టు అంటున్నారు.

ఆగస్టు 2

పొడుగోడు బడికి వచ్చాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. చొక్కా వీపుకి అంటుకుని ఉంది. ఏమైందిరా అంటే బంతి తగిలింది మేడమ్ అన్నాడు.

బంతి తగిలిందట.

హోంవర్కు చేశాడు.

ఆగస్టు 6

గైడుగారు క్లాసు చూడ్డానికి వచ్చారు. వెనక బెంచీలో కూర్చుని చివరిదాకా విన్నారు. ఒక్క పిల్ల కూడా కిక్కురుమనలేదు. స్టాఫ్ రూమ్‌లో నా లెక్కలన్నీ చూసి, ఈసారి సెమినార్‌లో మీదే మొదటి పేపరు అన్నారు. హెడ్మాస్టారు ఆ మాట విని టీ తెప్పించాడు.

"మూడో గడి మాత్రం ఖాళీగా ఉందమ్మా" అన్నారు గైడుగారు.

"రాస్తానండీ."

"అదే అసలు పరిశోధన. మిగతా రెండూ గుమాస్తా పని."

ఆయన వెళ్ళాక 'బాధ్యత తెలిసింది' అని రాశాను. కొట్టేశాను. 'తల్లిదండ్రుల ప్రోత్సాహం' అని రాశాను. బాగానే ఉంది.

ఇక రెండో విడత. మళ్ళీ ఎగ్గొడుతున్నవాళ్ళు నలుగురున్నారు, అందులో వాగుడుకాయ ఒకతి. సాయంత్రందాకా ఆగకుండా క్లాసులోంచే, అందరి ముందూ ఫోన్ చేస్తే ఫలితం ఎలా ఉంటుందో చూడాలి.

ఆగస్టు 12

ఒక్కసారి కొట్టాను. అతన్ని ఆపడానికే.

ఆగస్టు 13

స్కూలుకి రావద్దన్నారు. అక్క డ్యూటీకి పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. జరిగింది వరసగా రాస్తే తల తేలికవుతుందేమో.

నిన్న మూడో పీరియడ్. వృత్తాల పాఠం. బోర్డు మీద వృత్తం గీయడానికి పెద్ద చెక్క కంపాస్ చేతిలో ఉంది, ఒక కాలికి సుద్దముక్క, ఇంకో కాలికి ఇనుప మేకు. ముందుగా హోంవర్కు అడిగాను. వాగుడుకాయ లేచి నిలబడింది.

"ఎందుకు చేయలేదు?"

మాట్లాడలేదు. ఒకప్పుడు ఆ నోటికి మూత వేయడం నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు పెదవి విప్పించడం నా వల్ల కాలేదు. ఫోన్ తీశాను. ఆ పిల్ల ఫోన్ వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. కిటికీలోంచి వెనక సందు కనబడుతుంది. స్పీకర్ పెట్టాను. అందరూ వినాలని.

"పక్కనే కదా మేడమ్, ఇప్పుడే వస్తున్నాను" అన్నాడు టైలరు.

రావద్దని అనలేదు నేను. వస్తే మంచిదే అనుకున్నాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. ఇంకో గడి నిండుతుంది అనుకున్నాను.

మెడలో కొలతల టేపుతోనే వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నాకు నమస్కారం పెట్టి, లోపలికి రావచ్చా అని అడిగి వచ్చాడు. తాగలేదు. గొంతు పెంచలేదు. కూతురి దగ్గరికి వెళ్ళి చెవి మీద కొట్టాడు. కిటికీ చువ్వకి తల కొట్టుకుంది. పడబోతే జుట్టు పట్టి నిలబెట్టి అదే చెవి మీద మళ్ళీ కొట్టాడు. ఈసారి వదిలేశాడు, బెంచీ అంచు మీద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. బెంచీ అనుకున్నాను. ఆ పిల్ల ఎముక అది.

అప్పుడు నా వైపు తిరిగాడు.

"చాలా మేడమ్?"

షాపులో బట్ట పరిచి ఈ పొడవు చాలా అని అడుగుతాడే, ఆ గొంతుతోనే అడిగాడు. చాలు అనాలి. ఒక్క మాట. నా నోట మాట రాకపోయేసరికి చాలదు అనుకున్నాడు. మళ్ళీ కూతురి వైపు తిరిగి, నేల మీద ముడుచుకున్న దాని కడుపులో కాలితో తన్నాడు. తన్ని, మళ్ళీ నా వైపు చూశాడు.

అప్పుడు కొట్టాను. కంపాస్ చేతిలోనే ఉంది. తల మీద తగిలింది. రెండోసారి కూడా తగిలిందేమో. ఆపడానికే.

తర్వాత ఎవరో నన్ను వెనక్కి లాగారు. నల్లబల్ల మీద రక్తం, దాని పక్కనే నేను సగం గీసిన వృత్తం.

ఆగస్టు 14

సైన్సు మాస్టారు ఇంటికి వచ్చాడు. కాసేపు వాళ్ళ పిల్లల గురించీ వీళ్ళ పిల్లల గురించీ మాట్లాడాడు.

"నేను ఎన్నిసార్లు కొట్టాను మాస్టారూ?" అని అడిగాను.

"ఇప్పుడవన్నీ ఎందుకండీ."

"చెప్పండి."

"నేను వచ్చేసరికి అతను పడిపోయి ఉన్నాడు మేడమ్. చేతులు అడ్డం పెట్టుకుని చాలు మేడమ్, చాలు మేడమ్ అంటున్నాడు. కంపాస్ అప్పటికే విరిగిపోయింది. మీరు ఆ ముక్కతో కొడుతున్నారు."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

రాయకూడదు గానీ, ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. మొదటి దెబ్బ తగిలినప్పుడు నాకు బాగుంది. రెండోది ఇంకా బాగుంది. అతను చాలు అంటుంటే నాకు వినబడింది. వినబడే కొట్టాను.

ఆగస్టు 16

ఆస్పత్రికి వెళ్ళాను. అక్క వద్దంది, అయినా వెళ్ళాను. వాగుడుకాయకి మెడ కింద ఎముక విరిగింది, భుజానికి కట్టు కట్టారు. కుడి చెవిలో కర్ణభేరి చిరిగింది. ఎంత వినబడుతోందో తెలియక పెద్దగా అరిచి మాట్లాడుతోంది. వార్డు అంతా తిరిగి చూసింది.

"మా నాన్నని ఎందుకు కొట్టారు మేడమ్?"

మంచం పక్కన వాళ్ళమ్మ తల దించుకుని కూర్చుంది.

"నిన్ను కొడుతున్నాడని."

"నన్నేగా. మిమ్మల్ని కొట్టలేదుగా." దాని గొంతు ఇంకా పెరిగింది. "కన్ను దగ్గర కుట్లు వేశారంట. కన్ను పోతే సూదిలో దారం ఎలా ఎక్కిస్తాడు? మాకు అన్నం ఎవరు పెడతారు? మీరు పెడతారా?"

లేచి బయటికి వస్తుంటే వాళ్ళమ్మ వెంటే నడిచి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను.

"పిల్లని ఇంటికి పంపిస్తే ఆయన్ని నేను ఆపలేను మేడమ్" అంది. అంతే అంది.

కింద కట్లు కట్టే గది బయట టైలరు కనబడ్డాడు. తల చుట్టూ కట్టు, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. బల్ల మీంచి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"మీ మీద నాకేం కోపం లేదు మేడమ్. మీరు పిల్ల మంచికే చెప్పారు, నేను దాని మంచికే చేశాను. ఆపమంటే ఆపేవాణ్ణి కదా. ఎన్నిసార్లు మీ మొహం చూశాను."

గోడ పట్టుకుని బయటపడ్డాను.

ఆగస్టు 17

హెడ్మాస్టారు పిలిపించాడు. తలుపు వేసి నెమ్మదిగా చెప్పాడు. టైలరు నా మీద కేసు పెట్టడట. బదులుగా మనం అతని మీద పెట్టకూడదట. పిల్ల బెంచీ మీంచి పడింది. అతను కంగారుగా లేపబోయి బోర్డుకి తగిలాడు. రేపు పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఈ మాటే చెప్పాలి.

"పిల్ల ఎక్కడికి వెళ్తుందండీ?"

"ఎక్కడికేంటి, ఇంటికే. తండ్రి కదా."

"ఫోన్ సంగతి?"

"ఏ ఫోన్? మీరు ఎవరికీ ఫోన్ చేయలేదు. మేడమ్, మీకు మంచి సర్వీసుంది. సెమినార్ ఉంది. నాలుగు రోజులు నోరు కట్టేసుకుంటే అంతా సర్దుకుంటుంది."

సరేనన్నాను. నిజానికి ప్రాణం లేచొచ్చింది. అన్నం తిన్నాను. ఇన్నాళ్ళ తర్వాత ఆకలేసి తిన్నాను.

అక్క నా ఎదురుగా కూర్చుని నేను తిన్నంతసేపూ చూసింది. "మీ క్లాసువాళ్ళు ఎంతమంది మా దగ్గరికి వచ్చారో పాత చీటీలు తీసి చూడనా?" అంది.

"వద్దు."

"చూడకపోయినా నీకు తెలుసు కదే."

కంచం ముందు కూర్చునే ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. అక్కడే కూర్చుంది.

ఆగస్టు 18

చెప్పేశాను.

ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టారి గదిలో కూర్చున్నాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. హెడ్మాస్టారు ముందే అన్నీ చెప్పి ఉంచాడు, నేను ఔననడమే మిగిలింది. "అంతేనా మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదండీ" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. జూన్‌లో మొదలుపెట్టిన ఫోన్ల దగ్గర్నించి చెప్పాను. గోడ దగ్గర నిలబడి పాఠం విన్న పిల్లాడి గురించి, వాడు ఎందుకు కూర్చోలేదో నాకు తెలిసి కూడా తెలుసుకోలేదని చెప్పాను. ఆ తల్లి వచ్చి ఫోన్ చేయొద్దని అడిగిన సంగతి చెప్పాను. క్లాసులోంచి పిలిచింది నేనే అన్నాను. 'చాలా మేడమ్' అని అతను నన్ను అడిగితే నోరు మెదపలేదన్నాను. కంపాస్ విరిగేదాకా కొట్టాను, విరిగాక ఆ ముక్కతో కొట్టాను అన్నాను.

హెడ్మాస్టారు మధ్యలోనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఇదంతా రాసుకుంటే మీ మీద కూడా కేసు అవుతుంది మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాసుకోండి. పిల్లని మాత్రం ఆ ఇంటికి పంపకండి."

వాళ్ళమ్మని కూడా అడగమన్నాను. అడిగితే చెబుతుంది. నేను అడగలేదు కాబట్టి నాకు చెప్పలేదు.

ఆగస్టు 21

సస్పెన్షన్ కాగితం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను.

ఆగస్టు 29

అక్క చెప్పింది. వాళ్ళమ్మ స్టేషన్‌లో మొత్తం చెప్పిందట, తన సంగతి కూడా. మెడ మీది మచ్చలు చూపించిందట. టైలరుని జైలుకి పంపారు. తల్లీ కూతురూ పెద్దమ్మ గారింటికి వెళ్ళిపోయారు, వేరే ఊరు. ఆ చెవి పూర్తిగా బాగవుతుందని చెప్పలేమన్నారట.

"నా గురించి ఏమైనా అందా?" అని అడిగాను.

"లేదు" అంది అక్క. ఇంకేదో అనబోయి ఊరుకుంది. అంటే ఏదో అనే ఉంటుంది.

సెప్టెంబరు 9

సెమినార్‌కి రానివ్వరనుకున్నాను. గైడుగారే పట్టుబట్టారు. సస్పెండ్ అయింది ఉద్యోగమేగానీ ప్రాజెక్టు కాదు కదా, మూడో గడి నింపగలిగితే రండి అన్నారు.

నింపాను. ఏం చేశాను: ఇళ్ళకి ఫోన్ చేశాను. ఏం మారింది: అందరూ హోంవర్కు చేశారు. ఎందుకు మారింది: ఇళ్ళలో కొట్టారు. అన్నీ చెప్పాను, కుళాయి, కంపాస్, చెవి. నేను కిందికి దిగేటప్పుడు గైడుగారు లేచి నిలబడ్డారు. నన్ను పొగడలేదు. "ఇంతమంది లెక్కలు చూసి సంతకాలు పెట్టింది నేను. నేనూ అడగలేదు" అన్నారు అందరి ముందూ.

టీ దగ్గర వేరే స్కూలు మాస్టారు ఒకాయన నా పక్కకి జరిగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఆ ఫోన్లు రోజూ చేసేవారా? వారానికొకటి చేస్తే సరిపోదా?"

కప్పు నా చేతిలో ఉంది. వేడిగా ఉంది. అతని మొహం దగ్గరగా ఉంది. కప్పు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వచ్చేశాను.

సెప్టెంబరు 24

సస్పెన్షన్ ఎత్తేసి మెమో ఇచ్చారు, కేసు తేలేదాకా పనిచేయవచ్చన్నారు. ఇవాళ మళ్ళీ ఎనిమిది బి.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే లేచి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చున్నారు. పుస్తకాలు అప్పటికే బల్లల మీద తెరిచి పెట్టి ఉన్నాయి. నేను చేయి పైకెత్తి బోర్డు తుడవబోతే ముందు బెంచీవాళ్ళు మొహాలకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను చేయి దించేదాకా తీయలేదు.

సుద్దముక్క తీసుకుని ఏదో రాశాను, ఏం రాశానో గుర్తులేదు.

సెప్టెంబరు 30

హోంవర్కు అడగడం లేదు. పాఠం చెబుతున్నాను, వస్తున్నాను. సైన్సు మాస్టారు తప్ప స్టాఫ్ రూమ్‌లో ఎవరూ పలకరించడం లేదు.

అక్టోబరు 3

మూడో పీరియడ్ మధ్యలో ఫోన్ మోగింది. క్లాసులో ఎత్తకూడదు. బల్ల మీద మోగుతున్న ఫోన్‌ని పిల్లలందరూ చూస్తున్నారు. ఆపేద్దామని తీస్తే తెర మీద పొడుగోడి బాబాయి పేరు. ఎత్తాను.

"మేడమ్, మీరు ఫోన్ చేయడం మానేశారు. వీడు ఏం వెలగబెడుతున్నాడో తెలియడం లేదు. అడిగితే అన్నీ చేస్తున్నానంటాడు. మీ నోటితో వింటేగానీ నమ్మకం లేదు."

ఆయన గొంతు పెద్దది. స్పీకర్ పెట్టకుండానే ముందు వరసలకి వినబడుతోంది. పొడుగోడు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. వాడి పుస్తకం ఖాళీ అని నాకు తెలుసు, నేను తిరిగి వచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను.

"బాగా చేస్తున్నాడండీ" అన్నాను.

"లెక్కలు?"

"ఒక్కటి కూడా వదలడం లేదు."

"నిజంగానా మేడమ్?"

"నిజంగానే. మీరు పిల్లాడి మీద చెయ్యి వేస్తే మాత్రం నేను ఊరుకోను. స్టేషన్‌కి వెళ్ళడం నాకు అలవాటైంది."

ఆయన పెట్టేశాడు. ఫోన్ పూర్తిగా ఆపి సంచిలో వేశాను. క్లాసు కదలడం లేదు. బోర్డు వైపు తిరిగాను, ఎటు తిరగాలో తెలియక.

"మేడమ్."

పొడుగోడు లేచి నిలబడ్డాడు. చేతులు బల్లని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"నేనేం రాయలేదు మేడమ్."

"తెలుసు."

వాడు కూర్చోలేదు. పక్కనే కళ్ళజోడు పిల్లాడు లేచాడు, ముందు పళ్ళు లేని మూతితో, "నేనూ రాయలేదు మేడమ్. పుస్తకం వెనక పేజీల్లో జవాబులు చూసి ఎక్కించాను" అన్నాడు. కిటికీ దగ్గర ఒక పిల్ల లేచింది. ఆ వెనక ఇద్దరు.

జూన్ నుంచీ సరిగ్గా అడగని మాట అప్పుడు అడిగాను. అరవకుండా, జవాబు కావాలనే అడిగాను.

"ఎందుకు రాయలేదు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొడుగోడే చెప్పాడు.

"అర్థం కాలేదు మేడమ్."

"ఎక్కడి నుంచి?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడేమో, నిజంగానే ఆలోచిస్తున్నాడేమో.

"మొదటి నుంచీ" అన్నాడు.

బోర్డు మీదున్నదంతా తుడిచేసి, కుర్చీ తీసుకెళ్ళి వాళ్ళ వరసలో వేసుకుని కూర్చున్నాను.